విజయవాడ గవర్నరుపేట లేబర్ కన్సల్టెంటు పెద్దాయన, నా 38 లీవులు: 5కి 4 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఈయనకి బోర్డు లేదు, కార్డు లేదు, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టొద్దని ఆయనే గట్టిగా చెప్పారు కాబట్టి పేరు కూడా రాయట్లేదు. గవర్నరుపేటలో కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో ఒకటే గది, మెట్లు నిలువుగా ఉంటాయి, లైటు ఉండదు. జిరాక్స్ కుర్రాణ్ణి "లేబర్ పెద్దాయన ఉన్నారా" అని అడిగితే తల ఎత్తకుండానే పైకి చూపిస్తాడు. అంతే అడ్రసు. ఒకప్పుడు యూనియన్ ఆఫీసులో పనిచేశారట, ఇప్పుడు జీతాలు, పీఎఫ్, గ్రాట్యుటీ, లీవు డబ్బులు రానివాళ్ళకి లెటర్లు రాసిపెడతారు. నాకు వాడుకోకుండా మిగిలిపోయిన లీవులకి డబ్బులు ఇప్పించారు. ఎలాగో చెప్తా, కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టోర్స్ చూసేవాణ్ణి. 2019 జూన్‌లో చేరా, 2025 జూలై 31న మానేశా. ముప్పై మంది దాకా స్టాఫ్, నా జీతం 23,400, అందులో బేసిక్ సగం. గొడవేం పడలేదు, తాడేపల్లి వైపు వేరే చోట వచ్చింది, నెల ముందే నోటీసు ఇచ్చా, స్టాక్ అంతా లెక్కపెట్టి అప్పజెప్పా, చివరి రోజు అందరికీ స్వీట్లు కూడా పంచా. ఫుల్ అండ్ ఫైనల్, అంటే మానేసినవాడి చివరి లెక్క, అని ఆగస్టులో వేశారు, చూస్తే జూలై జీతం తప్ప ఒక్క రూపాయి ఎక్కువ లేదు. పే స్లిప్పులో ప్రతి నెలా "బ్యాలెన్స్ లీవులు" అని ఒక గడి ఉండేది, చివరి స్లిప్పులో అందులో 38 అని ఉంది. ఆ 38 ఏమైందని అకౌంట్స్‌లో అడిగితే, "ఎన్‌క్యాష్‌మెంటా, అదంతా గవర్నమెంటోళ్ళకి బాబూ, ప్రైవేటులో వాడుకుంటే వాడుకున్నట్టు, లేకపోతే మార్చి 31కి లాప్స్" అన్నారు. లాప్స్ అయితే మరి స్లిప్పులో ఏళ్ళ తరబడి కూడుతూ ఎందుకొచ్చారో దానికి మాత్రం జవాబు లేదు.

ఇంటికొచ్చి తెలిసినవాళ్ళందరినీ అడిగా, అదే నేను చేసిన తప్పు. ఒక్కొక్కళ్ళది ఒక్కో మాట. మా పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాడిని కిందటేడు ఉద్యోగంలోంచి తీసేసిన రోజే చివరి చెక్కుతో పాటు మిగిలిన వెకేషన్ గంటల డబ్బు కూడా చేతిలో పెట్టారట, అక్కడ కూడబెట్టుకున్న వెకేషన్ అంటే జీతం కిందే లెక్క, లాప్స్ అనే మాటే చెల్లదు, ఆలస్యం చేస్తే రోజుకి ఒక రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా ఫైన్ అట. "నువ్వు కూడా అలాగే అడుగు అన్నయ్యా" అన్నాడు. అదే దేశంలో డల్లాస్‌లో ఉన్న మా బావకి గుండుసున్నా, టెక్సాస్‌లో కంపెనీ పాలసీలో రాసి ఉంటేనే ఇస్తారట, అక్కడ దేశం మొత్తానికి కలిపి ఇలాంటి చట్టమే లేదట. సరే, వాళ్ళ సంగతి మనకెందుకు, ఆటోనగర్ సంగతి చెప్పేవాళ్ళు కావాలి కదా అనుకుంటుంటే, మా పాత ఆఫీసులో ప్యాకింగ్ చూసే ఆయన ఈ పెద్దాయన గురించి చెప్పాడు.

సెప్టెంబరు మధ్యలో ఒక సాయంత్రం వెళ్ళా. గదిలో ఒక చెక్క బల్ల, దానిమీద ఎర్ర సిరా పెన్నులు ఒక గ్లాసునిండా, గోడ పొడవునా తాళ్ళతో కట్టిన ఫైళ్ళు. నేను ఇంట్లో కూర్చుని నీట్‌గా లెక్క వేసుకుని తీసుకెళ్ళిన కాగితం ఇచ్చా, మొత్తం 92 రోజులు అని. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఇందులో సిక్ లీవులు, క్యాజువల్ లీవులు కూడా కలిపావా" అని అడిగి, నేను అవునన్నాక ఎర్ర పెన్నుతో 54 రోజులు ఒకే గీతలో కొట్టేశారు. మన షాపుల చట్టంలో ఏడాదికి 12 సిక్, 12 క్యాజువల్ ఉంటాయి గానీ అవి అవసరానికి వాడుకునేవి, మిగిలితే డబ్బు రాదు, డబ్బయ్యేది ఒక్క ఎర్న్‌డ్ లీవే, అంటే పనిచేసిన రోజుల్ని బట్టి సంపాదించుకునే లీవు. నాకు కడుపు మండింది గానీ నిజం చెప్పాలంటే అక్కడే ఆయనమీద నమ్మకం కుదిరింది, ఎక్కువ చెప్పి ఆశ పెట్టే మనిషి కాదని.

తర్వాత అడిగిన ప్రశ్నే అసలైంది. "లీవు అడిగావా? ఇవ్వనన్నారా? ఇవ్వనన్నట్టు కాగితం ఉందా?"

నాకు అర్థం కాలేదు. మానేశాను కాబట్టి మిగిలినవాటికి డబ్బులివ్వాలి, అంతే కదా అన్నా. అంతే కాదట. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ప్రకారం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవాడికి తర్వాతి ఏడాదిలో 15 రోజులు జీతంతో లీవు, వాడుకోకపోతే 60 రోజుల దాకా కూడబెట్టుకోవచ్చు. కాబట్టి మార్చి 31కి లాప్స్ అన్న మాట అసలు నిలబడదు, చట్టం 60 దాకా దాచుకోమంటే కంపెనీ సున్నా చేస్తానంటే ఎలా. ఇంతవరకు బానే ఉంది. కానీ మానేసేటప్పుడు డబ్బు ఎప్పుడివ్వాలి అన్నచోట రెండు దారులున్నాయి. యజమాని తీసేస్తే, వాడుకోని లీవుకి డబ్బివ్వాలి. నీ అంతట నువ్వు మానేస్తే మాత్రం, లీవు అడిగి, వాళ్ళు కాదన్నాక, అది తీసుకోకుండానే మానేసినవాడివైతేనే ఇవ్వాలి. అసలు అడగనే అడగకపోతే, "మేం ఇవ్వనన్నామా, నువ్వే వాడుకోలేదు" అని యజమాని చేతులు దులుపుకోవచ్చు. అపాయింట్‌మెంట్ లెటర్లో గానీ, కంపెనీ రూల్సులో గానీ ఇస్తామని రాసి ఉంటే అది వేరే బలం, నా లెటర్లో ఆ ముక్క లేదు.

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది, ఆరేళ్ళు ఉద్యోగం చేసి ఈ విషయం నాకు తెలియదు. లీవు అడగకుండా ఉండటమే మంచి ఉద్యోగి లక్షణం అనుకున్నా.

నా వెనక బెంచీమీద గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నాడు, ఈ మాటలు విని కంగారుపడి "నేనెప్పుడూ లీవు అడగలేదండి, మరి నాది పోయినట్టేనా" అన్నాడు. పెద్దాయన అటు తిరిగి ఒక్క నిమిషంలో తేల్చేశారు, "నీది ఫ్యాక్టరీ, నీ చట్టం వేరు". అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో పెద్దవాళ్ళకి ఇరవై రోజుల పనికి ఒక రోజు లీవు, తర్వాతి ఏడాదికి 30 దాకా మోసుకెళ్ళొచ్చు, తీసేసినా, మానేసినా, రిటైరైనా, చివరికి మనిషి పోయినా సరే మిగిలిన లీవుకి డబ్బివ్వాల్సిందే, ఆ ఏడాది 240 రోజులు నిండకపోయినా ఇవ్వాలి. పైగా మానేసిన తర్వాత రెండో పనిదినం దాటకుండా ఇవ్వాలి. అడిగావా లేదా అన్న ప్రశ్నే లేదు. అంటే ఇద్దరం ఒకే బెంచీమీద కూర్చున్నాం, అతను మిల్లులో దారం చుట్టాడు, నేను గోడౌన్లో బేరింగులు లెక్కపెట్టాను, అతని లీవుకి అడక్కుండానే డబ్బు, నా లీవుకి సాక్ష్యం కావాలి. ఇదేం న్యాయమండీ అంటే, "న్యాయం సంగతి పై ఊళ్ళో అడుగు, ఇక్కడ కాగితం సంగతి చూద్దాం" అన్నారు.

కాగితం వేటలో మూడు రోజులు పోయాయి. ఆఫీసు ఈమెయిలు నాకు లేదు, లీవు లెటర్లు మేనేజరుకి చేతికిచ్చేవాణ్ణి, ఆయన డ్రాయర్లో పడేసేవాడు. ఫోన్లో వాట్సాప్ పాతవన్నీ వెతికితే రెండు దొరికాయి. 2024 మేలో మా బావమరిది పెళ్ళికి 8 రోజులు అడిగా, "ఆడిట్ ఉంది, రెండ్రోజులు మాత్రం పర్మిషన్ మీద వెళ్ళు" అని మెసేజ్. 2025 మేలో మా అమ్మని కాశీ తీసుకెళ్దామని 15 రోజులు అడిగా, దానికి "సీజన్లో లీవేంటి, నో" అని, కింద ఒక దండం బొమ్మ. ఆ దండం చూసి పెద్దాయన చాలాసేపు నవ్వారు. మూడోది మా ఆవిడ పుణ్యం. వంటింట్లో గోడకి వేలాడే క్యాలెండర్లో పాల లెక్క రాస్తుంది, పాలు రాని రోజు సున్నా, ఎక్కువ పోయించిన రోజు అర లీటరు అని. పాత క్యాలెండర్లు పారేయదు, అల్మరా అరల్లో పరుస్తుంది. 2023 డిసెంబరు పేజీ స్టీలు డబ్బాల కింద దొరికింది, నూనె మరకతో సహా. అందులో ఒక వారం పొడవునా పెన్సిల్‌తో "ఊరు – లీవు ఇవ్వలేదు, క్యాన్సిల్" అని, పక్కన "పాలు మామూలే" అని రాసుకుంది. ఆ తేదీ పట్టుకుని వెతికితే అదే రోజు నేను లీవు లెటరు ఫోటో తీసి మేనేజరుకి పంపినట్టు, ఆయన "తర్వాత చూద్దాం" అన్నట్టు ఫోన్ మెమరీలో బయటపడింది. 10 రోజులకి. మొత్తం 33 రోజులకి సాక్ష్యం దొరికింది. మిగతా 5 రోజులు ఎప్పుడో నోటితో అడిగి నోటితో కాదనిపించుకున్నవి, వాటికి ఏమీ లేదు.

డబ్బు లెక్క దగ్గర ఇంకో మెలిక ఉంది. కంపెనీవాళ్ళు ఇస్తే గిస్తే బేసిక్‌ని 30తో భాగించి ఇస్తారని నా అంచనా, తర్వాత నిజంగానే అలాగే బేరం పెట్టారు. అంటే 11,700 భాగించు 30, రోజుకి 390. పెద్దాయన లెక్క వేరు, లీవు జీతం అంటే అంతకుముందు మూడు నెలల్లో నిజంగా పనిచేసిన రోజుల సగటు జీతం, ఓవర్‌టైమ్ తీసేసి. ఆదివారం సెలవు పోతే నెలకి 26 రోజుల పని, 23,400ని 26తో భాగిస్తే రోజుకి 900. ఎక్కడ 390, ఎక్కడ 900! మీరు ఎవరైనా సరే సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేముందు దేన్ని దేనితో భాగించారో అడగండి, సగం డబ్బు అక్కడే పోతుంది.

అంతా అయ్యాక లేవబోతుంటే "గ్రాట్యుటీ వచ్చిందా" అన్నారు మామూలుగా, టీ తాగావా అన్నట్టు. నేను తెల్లమొహం వేశా. అయిదేళ్ళు దాటింది, పదిమందికి పైగా స్టాఫ్ ఉన్నారు, అప్పటికి అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందట, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి మానేసినవాడికి యజమాని ఇవ్వాల్సిన డబ్బు, ఏడాదికి 15 రోజుల చొప్పున, చివరి బేసిక్‌ని 26తో భాగించి. 11,700 ఇంటూ 15 భాగించు 26 అంటే 6,750, ఆరేళ్ళకి 40,500. నేను 38 లీవుల కోసం మెట్లెక్కితే, నేను అడగనే అడగని డబ్బు దానికంటే ఎక్కువ తేలింది. ఆ రోజు తిట్లు బాగానే పడ్డాయి, "సంతకం పెట్టే ముందు చదవరు, మానేసే ముందు అడగరు, స్వీట్లు మాత్రం పంచుతారు" అని.

నేను కూడా నా తెలివి చూపిద్దామని ఫోన్లో ఒక సుప్రీంకోర్టు తీర్పు వెతికి చూపించా. 2013లో జార్ఖండ్ ప్రభుత్వం కేసులో పెన్షన్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ లాంటివి దయతో పడేసేవి కావు, రాజ్యాంగంలో ఆస్తి హక్కు గురించి చెప్పే 300ఎ కింద ఉద్యోగి ఆస్తి లాంటివని చెప్పిన తీర్పు. ఇది లెటర్లో పెట్టండి సార్ అన్నా. "అది గవర్నమెంటు ఉద్యోగి కేసు బాబూ, నీ సేటుకి దాంతో భయం వెయ్యదు, నీ మేనేజరు పంపిన దండం బొమ్మతో వేస్తుంది" అని ప్రింటవుట్ పక్కన పెట్టేశారు. కొంచెం అవమానంగా అనిపించింది గానీ మాట నిజమే.

లెటరు ఒక పేజీన్నర, ఇంగ్లీషులో, చివర కాపీ లేబర్ ఆఫీసుకి అని ఒక లైను. ఆ ఒక్క లైనుకే అంత బలం ఉంటుందని అనుకోలేదు. స్పీడ్ పోస్టులో, అందినట్టు సంతకం వచ్చేలా పంపించాం. ఈలోపు దసరా వచ్చిపడింది, సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా ఊరంతా భవానీలు, క్యూలైన్లు, వన్‌టౌన్ వైపు వెళ్ళలేం, ఏ ఆఫీసులోనూ ఎవరూ ఫోన్ ఎత్తరు, నాకేమో టెన్షన్. మూలా నక్షత్రం రోజు అకౌంట్స్ నుంచే ఫోను, "ఏంటి బాబూ లేబర్ ఆఫీసుదాకా ఎందుకు, నువ్వు మనవాడివి కదా, 15 రోజులకి బేసిక్ లెక్కన ఇస్తాం" అని. అంటే 5,850. పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒక్కటే మాట, "నోటితో చెప్పింది కాగితం మీద పెట్టమను". పెట్టలేదు. దసరా అయిన తర్వాతి వారం పిలిచి 33 రోజులకి 900 లెక్కన 29,700, గ్రాట్యుటీ 40,500 రెండు చెక్కులు ఇచ్చారు. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాల్సింది, ఆలస్యానికి వడ్డీ అడగొచ్చు అన్నారు పెద్దాయన, నేనే వద్దనుకున్నా, ఓపిక లేదు. సాక్ష్యం లేని ఆ 5 రోజులు, అంటే 4,500, పోయినట్టే.

ఫీజు సంగతి. మొదటిసారి కూర్చుంటే 300, లెటరుకి 1,500. వచ్చినదాంట్లో పర్సంటేజీ అడుగుతారేమో అనుకున్నా, అడగలేదు, ఇవ్వబోతే కూడా కసురుకున్నారు.

ఇక బాగోనివి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎత్తరు, ఎత్తినా "ఊ" అని పెట్టేస్తారు. నా ఇంటిపేరు తప్పు కొట్టించారు, తప్పు వాళ్ళదే అయినా మళ్ళీ టైపు చేసినందుకు కింద కుర్రాడు 50 రూపాయలు తీసుకున్నాడు, నేను అడిగితే పైకి చూపించాడు, పైన అడిగితే కిందకి చూపించారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ మెట్లెక్కలేరు, మా అమ్మలాంటి వాళ్ళ సంగతి ఆలోచించుకోవాలి. తిట్లు పడనివాళ్ళు వెళ్ళొద్దు. అన్నిటికంటే, ప్రతిదానికీ రశీదు దాచుకోమని చెప్పే మనిషి తన ఫీజుకి మాత్రం రశీదు ఇవ్వరు. అడిగితే నవ్వుతారు.

డిసెంబరులో మా పిన్ని కొడుకుని తీసుకుని మళ్ళీ వెళ్ళా, వాడు ఒక ప్యాకేజింగ్ యూనిట్‌లో మానేస్తున్నాడు. అప్పటికి ఫ్యాక్టరీల చట్టం, గ్రాట్యుటీ చట్టం లాంటి పాత కేంద్ర చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేశాయి, 2025 నవంబరు 21 నుంచి. బల్లమీద పాత పుస్తకం పక్కన కొత్తది, అప్పుడే సగం పేజీల్లో ఎర్ర గీతలు. కొత్తదాంట్లో 240 బదులు 180 రోజులు పనిచేస్తే చాలు లీవు వస్తుంది, ఇరవైకి ఒకటి అన్నది పాతదే, 30 దాటినవి ఏడాది చివర డబ్బుగా అడగొచ్చు, లీవు అడిగి కాదంటే ఆ రోజులు ఎంతైనా మోసుకెళ్ళొచ్చు, మానేసినా తీసేసినా మిగిలినవాటికి రెండు పనిదినాల్లో డబ్బు. కానీ ఇవి "వర్కర్" అన్నవాడికి, మేనేజరు పని చేసేవాడికి కాదు, సూపర్‌వైజరు పని చేస్తూ జీతం 18,000 దాటినవాడికీ కాదు. మావాడి కార్డు మీద సూపర్‌వైజర్ అని ఉంది, జీతం 19,000. "కార్డు మీద ఏముందో కాదు, పొద్దున్నించి సాయంత్రం దాకా నువ్వు చేసే పనేంటో చెప్పు" అని గంటసేపు కూర్చోబెట్టి అడిగారు, మిషను దగ్గర ఎన్ని గంటలు, కింద ఎంతమంది, వాళ్ళకి లీవు నువ్వు ఇవ్వగలవా అని. ఆ గంటకి కూడా 300 మాత్రమే. వాడిది ఇంకా నడుస్తోంది.

హైదరాబాద్‌లో ఉన్న మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు కాబట్టి ఇదీ రాస్తున్నా. ప్రైవేటువాళ్ళకి ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే లీవు డబ్బుకి 25 లక్షల దాకా ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు ఉంది, 2023 ఏప్రిల్ నుంచి, అంతకుముందు 3 లక్షలే. 25 లక్షలు అన్నది పై హద్దు, పది నెలల సగటు జీతం లాంటి ఇంకొన్ని లెక్కల్లో ఏది తక్కువైతే అది. ఉద్యోగంలో ఉండగా తీసుకుంటే మాత్రం మొత్తానికీ టాక్స్ పడుతుంది. నా జీతానికి ఆ గొడవ లేదు.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం అయిదు తర్వాత వెళ్ళండి, సోమవారం వద్దు, ఆ రోజు బెంచీ మీద చోటు దొరకదు. పే స్లిప్పులన్నీ, అపాయింట్‌మెంట్ లెటరు, లీవు అడిగిన మెసేజీలు ప్రింటు తీసుకెళ్ళండి, ఫోన్లో చూపిస్తే ఆయన చూడరు. ప్రింట్లు మాత్రం కింద వద్దు, పేజీకి 5 రూపాయలు, పక్క సందులో 2 రూపాయలకే తీస్తున్నారు.